మీ ఆర్డరు అందింది

ఒక మనిషి తన చేతిపనిని తానే అనుమానించుకుని మానేసేలా చేశాను. ఆరేళ్ళయింది. ఆమెకు ఆ సంగతి తెలియదు. ఇప్పటికీ నేను కనబడితే కుర్చీ వేయించి, టీ తాగేదాకా కదలనివ్వదు. తాగి, బాగుందని చెప్పి వస్తాను.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకు చెప్పలేకపోయాను కాబట్టే మీకు చెబుతున్నాను. నా భార్యకు చెప్పబోయి రెండుసార్లు మాట మార్చాను. దొంగతనం చేసినవాడికి ఒప్పుకోవడం ఒక రకంగా సులువు, ఫలానా వస్తువు ఎత్తుకెళ్ళానంటే సరిపోతుంది. నాది అలా కాదు. ముందు నా పనేమిటో చెప్పాలి, ఆ పనిలో తప్పులు ఎలా వస్తాయో చెప్పాలి, వాటిని ఎలా దాచవచ్చో చెప్పాలి. ఇదంతా విన్నాక మీరు "ఓస్, ఇంతేనా" అంటారేమోనని ఒక భయం. అనరేమోనని ఇంకో భయం.

ఆత్మకూరులో వెబ్‌సైట్లు చేస్తాను. బస్టాండుకు దగ్గర్లో టైలరు షాపు పైన నా గది. ప్రైవేటు బడులు, కల్యాణ మండపాలు, విత్తనాల అంగళ్ళు, ఇవే నాకు వచ్చే గిరాకీ. ఏదీ పునాది నుంచి కట్టను. తయారుగా దొరికే థీమ్ ఒకటి తెచ్చుకుంటాను, సైటు కనబడే తీరంతా దాన్నిబట్టే. ఫారం నింపించుకోవడానికి, మెయిలు పంపడానికి ప్లగిన్లని విడి భాగాలు దొరుకుతాయి, వాటిని తగిలిస్తాను. ఎవరో రాసిన థీమ్, ఇంకెవరో రాసిన ప్లగిన్, మధ్యలో నేను రాసే నాలుగు ముక్కలు. ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళు రాసినవన్నీ ఒకే ఇంట్లో కాపురం చేయాలి. పోట్లాడకుండా ఎలా ఉంటాయి? ప్లగిన్ చేసినవాళ్ళు దాన్ని కొత్తగా మార్చినప్పుడల్లా ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. అప్పుడు సైటు పైభాగాన ఇంగ్లీషులో ఒక హెచ్చరిక పడుతుంది, ఫలానా ఫైల్లో ఫలానా లైను దగ్గర తప్పు జరిగిందని.

నిజానికి ఆ హెచ్చరిక మన మేలు కోరేదే. కానీ సైటు యజమానికి అది కనిపిస్తే చాలు, కొంప మునిగిందని ఫోను. ఒక కల్యాణ మండపం ఆయనైతే, పెళ్ళివాళ్ళ ముందు తన పరువు పోయిందని, మెట్లెక్కి వచ్చి నన్ను అరగంట తిట్టాడు. కింద కుట్టుమిషన్లు ఆగిపోయాయి, అందరూ విన్నారు. ఆ రోజు నుంచి నేనొక పద్ధతికి అలవాటు పడ్డాను. తప్పును బాగుచేయడం తర్వాత సంగతి, ముందు దాని నోరు మూయాలి.

ఎలా మూస్తామో చెబుతాను. కోడ్‌లో ట్రై అని ఒక గది, క్యాచ్ అని దాని పక్కన ఇంకో గది ఉంటాయి. ట్రైలో పని అప్పజెబుతాం. ఆ పని చెడితే ఏం చేయాలో క్యాచ్‌లో రాస్తాం. సైటుకు వచ్చిన మనిషికి "క్షమించండి, మీ ఉత్తరం వెళ్ళలేదు, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని చెప్పమనవచ్చు. యజమానికి కబురు పంపమనవచ్చు. ఏదీ లేకపోతే, ఫలానా రోజు ఫలానా తప్పు జరిగిందని లోపల ఒక ఫైల్లో రాసిపెట్టుకోమనవచ్చు. నేను క్యాచ్‌ను ఖాళీగా వదిలేసేవాణ్ణి. పని చెడితే చెడుతుంది, ఎవరికీ చెప్పదు, ఎక్కడా రాయదు, పేజీ మాత్రం నీటుగా కనబడుతుంది. ఇది తప్పని నాకు తెలియదా? బాగా తెలుసు. నేర్పిన మాస్టారు మొదటి వారమే చెప్పారు. కానీ ఈ పద్ధతి పట్టాక నాకు తిట్లు ఆగిపోయాయి. నేను చేసిన సైటులో తప్పన్నదే రాదని నలుగురూ అనడం మొదలుపెట్టారు. ఆ మాట నాకు చాలా రుచిగా ఉండేది.

ఇక గౌసియక్క గురించి.

ఆమెది ఉదయగిరి. కొయ్యతో గరిటెలు, చెంచాలు, అట్లకాడలు చేస్తుంది. చేసేది అనాలి, చేస్తుంది అని రాశాను. దిద్దను, అలాగే ఉండనీ. కొండ కింద ఒక రేకుల షెడ్డులో మరో ఏడుగురు ఆడవాళ్ళతో కూర్చుని, ఒకరు రంపం పట్టి, ఒకరు ఆకురాయి పట్టి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెక్కేవాళ్ళు. గరిటె పూర్తయ్యాక ఒక పూట నీళ్ళలో వేసి ఉంచేది. కంటికి కనబడని బీట ఏదైనా ఉంటే నీళ్ళలో బయటపడుతుందట. నేను సైటుకు ఫోటోలు తీయడానికి వెళ్ళినరోజే, ఒకామె బీటలో కొయ్యపొడీ జిగురూ కూరి పైన నున్నగా రుద్దేసిందని అక్క పట్టుకుంది. అరవలేదు. ఆ గరిటెను అందరి ముందూ నీళ్ళ తొట్టిలో వేసింది, అంతే. కనబడే బీటతో ఇబ్బంది లేదనీ, కప్పిన బీట ఎవరింట్లోనో గంజి కలుపుతుండగా విరుగుతుందనీ నాతో అంది. నేను అవునవును అని తలూపి ఆ తొట్టిని కూడా ఒక ఫోటో తీసుకున్నాను.

సైటు ఆలోచన షబానాది. షబానా అంటే గౌసియక్క అక్క కూతురు, పిన్నమ్మను వాళ్ళ మాటలో ఖాలా అంటుంది, అప్పుడు డిగ్రీ చదువుతుండేది. అక్కకు చదువు లేదు, మెయిలు వస్తే షబానా చదివి చెప్పాలి. అందుకని చాలా చిన్న ఏర్పాటు చేశాను. కావలసిన గరిటె ఫోటో మీద నొక్కి, ఎన్ని కావాలో, పేరు, ఊరు, ఫోను నంబరు, ఇంకేమైనా చెప్పాలంటే అదీ రాసి పంపితే షబానా ఫోనుకు మెయిలు వస్తుంది. పంపినవాళ్ళకు తెరమీద "ధన్యవాదాలు. మీ ఆర్డరు అందింది. మేమే మీకు ఫోన్ చేస్తాం" అని కనబడుతుంది. మొదటిసారి నా ఫోను నుంచి నేనే రెండు చెంచాలు అడిగాను. షబానా ఫోను మోగింది. షెడ్డులో అందరూ పని ఆపి నవ్వారు. ఆ తర్వాత మూడు నెలలు బాగా నడిచింది. ఎక్కడెక్కడి నుంచో అడిగారు. ఇంకో నలుగురిని పనికి పిలవాలని అక్క అనుకుంటోందని షబానా చెప్పింది.

నాలుగో నెలలో షబానా ఫోన్ చేసి, సైటు పైన ఇంగ్లీషులో ఏదో పచ్చ పట్టీ పడుతోందని చెప్పింది. అప్పుడు నేను వింజమూరులో ఒక గృహప్రవేశంలో ఉన్నాను. మెయిలు పంపే ప్లగిన్ కొత్తగా మారింది, నా నాలుగు ముక్కలకూ దానికీ పొసగలేదు. సరిగ్గా చూస్తే గంట పని. అవతల ఆకులు వేస్తున్నారు, మా మేనమామ రమ్మని కేకేస్తున్నాడు. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మెయిలు పంపే లైనును ట్రైలో పడేశాను. క్యాచ్‌ను ఎప్పటిలాగే ఖాళీగా వదిలేశాను. ధన్యవాదాల లైను ఆ రెండు గదులకూ బయట, కింద ఉంది, మెయిలు వెళ్ళినా వెళ్ళకపోయినా అది కనబడుతుంది. పట్టీ పోయింది. అయిపోయిందని షబానాకు చెప్పి లేచాను. నేను పంక్తిలో కూర్చునేసరికి అన్నం ఇంకా వేడిగానే ఉంది.

ఆ రోజు నుంచి ఒక్క మెయిలు కూడా వెళ్ళలేదు.

ఆ ఏడాది అక్క మూడుసార్లు ఫోన్ చేసింది. ఎవరూ అడగడం లేదు, ఒకసారి చూడమని. రెండుసార్లు చూడకుండానే బాగుందని చెప్పాను. మూడోసారి తెరిచి, ఏదో పేరు రాసి నొక్కాను. మీ ఆర్డరు అందింది అని వచ్చింది. అది నేను రాసిన మాటే కదా, నా మాట నాకే చెబితే నేను నమ్మాను. షబానాకు మెయిలు వచ్చిందా అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు. ఎందుకు అడగలేదు? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, అడిగితే ఏం తెలుస్తుందో లోపల నాకు కొంత తెలిసే అడగలేదేమో. ఇన్నేళ్ళుగా తవ్వుతున్నా ఈ ఒక్కచోట నాకు నేనే దొరకను.

సైటు ఉండే సర్వరుకు కట్టిన ఏడాది అద్దె గడువు తీరాక, దాన్ని వేరే సర్వరుకు మార్చాల్సి వచ్చింది. ఆ ఫారం ప్లగిన్‌కు ఒక గుణముంది, మెయిలు పంపకముందే ప్రతి ఉత్తరాన్నీ సైటు లోపల ఒక పట్టికలో దాచుకుంటుంది. మార్చేముందు ఆ పట్టిక తెరిచాను. ఒకదాని కింద ఒకటి ఉత్తరాలు. మొదటి పేజీ అయిపోయి రెండో పేజీకి వెళ్ళింది, మూడోదానికి వెళ్ళింది. 

కొన్ని ఇప్పటికీ మరిచిపోలేదు. ఒకాయనకు చేతులు వణుకుతాయట, లావు పిడి ఉన్న చెంచా చేసిస్తారా అని అడిగాడు. ఒక హోటలువాళ్ళు నెలనెలా కావాలన్నారు. కర్నూలు నుంచి ఒకావిడ మూడుసార్లు రాసింది. మొదటిసారి రెండు అట్లకాడలు అడిగింది. రెండోసారి, పోయినసారి రాసినదానికి జవాబు లేదు అంది. మూడోసారి ఆర్డరేమీ లేదు, "అందింది అని వస్తోంది, ఎవరూ మాట్లాడటం లేదు, మీరంతా కులాసాగా ఉన్నారు కదా?" అని మాత్రం ఉంది.

ఆ రోజే తప్పు బాగుచేశాను. గంట పట్టింది. ఇకనుంచి మెయిళ్ళు వెళతాయి, ఆర్డర్లు వస్తాయి, అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి, పాత సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు. అలా అనుకున్నాను. చెబితే ఏమవుతుంది? అక్క తిడుతుంది, అంతే కదా. ఆ ఉత్తరాలన్నీ షబానాకు పంపితే, వాళ్ళు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఆలస్యమైందని చెప్పుకునేవాళ్ళు, సగం మందైనా కొనేవాళ్ళు. ఇదంతా అప్పుడే తోచింది. తోచాకే మానేశాను. అది గుర్తుంచుకోండి, తోచక మానేయడం కాదు.

వారం తిరక్కుండా గౌసియక్క ఉదయగిరి నుంచి బస్సెక్కి నా గదికి వచ్చింది. ఒంటరిగా వచ్చింది. భుజాన గుడ్డసంచి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అబ్బయా, నిన్ను ఒకటి అడగను వచ్చినాను," అంది. "సైటులో తప్పుండాదా, మా గరిటెల్లో తప్పుండాదా? ఏదైనా సరే చెప్పు. తప్పు యాడుండాదో తెలిస్తే దిద్దుకుంటాము."

"సైటు బాగానే ఉందక్కా."

"అయితే మా చేతిలోనే ఉండాది."

అక్కడ ఊరుకుని ఉండవచ్చు. ఊరుకుని ఉంటే నా పాపం సగమే అయ్యేది. కానీ ఆమె నా వైపే చూస్తోంది, ఆ చూపు నా మీద నుంచి పోవాలి. "ఇప్పుడందరూ స్టీలూ, సిలికానూ కొంటున్నారక్కా. మీ నమూనాలు పాతబడినాయేమో," అన్నాను.

అప్పటికే ఆమె చెయ్యి సంచిలో ఉంది. తెల్లగుడ్డలో చుట్టింది ఏదో సగం బయటికి తీసింది. కొత్త నమూనా అయి ఉండాలి, నాకు చూపించడానికే తెచ్చి ఉండాలి. నా మాట విని దాన్ని మళ్ళీ లోపల పెట్టేసింది. "మొగమాటం లేకుండా చెప్పినావు. మేలు," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ గుడ్డలో ఏముందో నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఆ సాయంత్రమే పట్టికలోని ఉత్తరాలన్నీ తుడిచేశాను. ఎవరైనా చూస్తారని భయం. ఎవరు చూస్తారు? సైటు తాళం నా దగ్గరే ఉంది. నాకే అవి కనబడకూడదని తుడిచాను.

మరి బాగుచేశాక ఆర్డర్లు రాలేదా? రాలేదు. రాసి రాసి విసిగినవాళ్ళు మళ్ళీ ఎందుకు రాస్తారు? వాళ్ళు జవాబివ్వరని పదిమందికి చెప్పే ఉంటారు. రెండు నెలల తర్వాత ఒకటి వచ్చిందట. అప్పటికి అక్క షెడ్డు ఖాళీ చేసింది. మేం మానేశామని షబానా వాళ్ళకు జవాబు రాసింది. ఆడవాళ్ళు తలా ఒక పనికి పోయారు, కొందరు కూలికి, ఒకామె కుట్టుపనికి. గౌసియక్క ఒక హాస్టల్లో వంటకు చేరింది. అంత పని చేసిన చేతులు ఇప్పుడు పెద్ద పెద్ద డేగిశాల్లో అన్నం కలుపుతున్నాయి. నేను చూశాను. చూడకుండా ఉండలేక, ఏదో పని కల్పించుకుని ఏడాదికొకసారి ఉదయగిరి వెళ్ళివస్తుంటాను.

ఎందుకు అబద్ధమాడాను? నామీద మచ్చ పడుతుందని అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. అది పైపై మాట. అసలు సంగతి నీచంగా ఉంటుంది. ఇద్దరం పనివాళ్ళమే, ఎవరో ఒకరి పనితనం మీద అనుమానం పడాలి. నాది నిలబెట్టుకోవడానికి ఆమెది తోసేశాను. ఆమె ఎదురు చెప్పదని తెలుసు. తప్పు తనలోనే ఉందేమో అని ముందు వెతుక్కునే మనిషి ఆమె, అది షెడ్డులో చూసిన రోజే నాకు తెలుసు. తెలిసే ఆ గుణాన్ని వాడుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. అక్క నా గురించి అందరికీ మంచి చెప్పింది. ఆత్మకూరు అబ్బయ మొగమాటానికి అబద్ధం చెప్పడని. ఆ మాట పట్టుకుని మర్రిపాడు నుంచి ఒకరు, దుత్తలూరు నుంచి ఇద్దరు నా దగ్గరికి వచ్చారు. ముగ్గురి పనీ ఒప్పుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వాళ్ళు అక్క పేరెత్తినప్పుడల్లా నేను వేరే మాటలోకి దిగేవాణ్ణి. పని మాత్రం వదులుకోలేదు.

ఇవన్నీ మోస్తూ ఇలాగే గడిపేసేవాణ్ణేమో. తొమ్మిది రోజుల కిందట షబానా ఫోన్ చేసింది. గరిటెల పని మళ్ళీ మొదలుపెట్టాలనుకుంటోంది. పాతవాళ్ళలో ముగ్గురు వస్తామన్నారట. కానీ కొయ్యను ఎటు కోయాలో, పిడి ఎక్కడ సన్నం చేయాలో గౌసియక్కే నేర్పాలి, ఆమె ససేమిరా అంటోంది. మన పని పాతబడిందని ఆ అబ్బయ అప్పుడే చెప్పినాడు, మళ్ళీ నలుగురి కడుపు కొట్టలేను అంటోందట. "మీ మాటయితే ఖాలా వింటాదన్నా. ఒక్కసారి మాట్లాడండి," అని షబానా అడిగింది. చూసి చెబుతానన్నాను. నా అబద్ధం ఆరేళ్ళ కిందట అయిపోయిందనుకున్నాను. అది ఇంకా పనిచేస్తూనే ఉంది, అదీ నా పేరు మీద.

 ఒక దారి తోచింది. కాలం మారింది, ఇప్పుడు జనం మళ్ళీ కొయ్యవాటికే వస్తున్నారు అని అక్కకు చెబితే సరిపోతుంది కదా? పని మొదలవుతుంది, నా గుట్టూ దాగుతుంది. ఎంత తెలివి చూడండి. అప్పుడు ఆమె పనిలో లేని తప్పును ఉందన్నాను, ఇప్పుడు ఆ తప్పు పోయిందని చెబుతానన్నమాట. పాత అబద్ధం మీద నున్నగా ఇంకో పూత. నిన్నంతా అదే చేద్దామనుకున్నాను. ఇవాళ పొద్దున ఇది రాయడం మొదలుపెట్టాను.

ఇక్కడిదాకా రాసి, లేచి, షబానాకు ఫోన్ చేశాను.

కూర్చుని చెప్పలేకపోయాను, గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పాను. గరిటెల్లో ఏ తప్పూ లేదని, ఎప్పుడూ లేదని. వింజమూరు సంగతి, పట్టిక సంగతి, అక్క మెట్లెక్కి వచ్చిన రోజు నాకు అన్నీ తెలిసే ఆ మాట అన్నానని. కర్నూలావిడ మూడో ఉత్తరం కూడా చెప్పాను.  షబానా తిడుతుందని కాచుకున్నాను. తిట్టలేదు. ఒకటే అడిగింది.

"ఆ ఉత్తరాలు ఉండాయా అన్నా? ఖాలాకు చదివి వినిపిస్తాను."

లేవని చెప్పాను. తుడిచేశానని చెప్పాను.

"ఒక్కటన్నా?"

"ఒక్కటీ లేదు."

ఫోను పెట్టేసింది. రెండు గంటలయింది. ఈపాటికి అక్కకు తెలిసే ఉంటుంది. నమ్ముతుందో లేదో కూడా నాకు తెలియదు, ఎందుకంటే చూపించడానికి నేను ఏమీ మిగల్చలేదు. నన్ను క్షమించమని అడగలేదు, అడగను. కర్నూలు, హోటలు, లావు పిడి చెంచా, గుర్తున్నంతవరకు ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకుంటున్నాను. ఇప్పటికి పదకొండు అయ్యాయి. మిగతావి ఎంత తన్నుకున్నా గుర్తుకు రావడం లేదు.